పటికనీళ్లతో గీసిన బొమ్మ

నాకు అక్షరాలు యాభైలో పడబోయే ముందర వచ్చినాయి. ఒత్తులు తప్పి ఉంటాయి, గుణింతాలు జారి ఉంటాయి, మన్నించండి. కాగితానికి ఒక పక్క రాసేందుకు నాకు రెండు పూటలు పడుతుంది. ఇది నా కథే. 'నేను' అని మొదలుపెడితే చెయ్యి నిలబడిపోతా ఉంది, అందుకని 'ఆమె' అని రాస్తున్నాను.

డెబ్బై ఆరో సంవత్సరం, వానలు వెనకబట్టి స్వర్ణముఖిలో నీళ్లు పారే కాలం. శ్రీకాళహస్తిలో ఒక ఇంటి వాకిట్లో పంకజాక్షి కరక్కాయలు దంచుతా ఉంది. ఆ పొడీ ఎనుము పాలూ కలిపి గుడ్డ నానబెడితేనే, దానిమీద గీసే దేవుళ్ల బొమ్మలు పాక్కుండా నిలుస్తాయి. దంచేది, నానబెట్టేది, వెదురు కలంతో గీసేది, ఏట్లో ఉతికేది, నడుమన వండి పెట్టేది అంతా ఆమే. ఆమె మొగుడు సుందరరాజు చేసే పనులు రెండు. వచ్చినోళ్లతో మాట్లాడేది, వాళ్లు చూస్తా ఉంటే రంగు కాచేది. బొమ్మ పూర్తయినాక ఆయన పలకమీద అయిదు అక్షరాలు రాసిచ్చేవాడు, ఆమె వాటిని చూసి గుడ్డ మూలన తీగ గీసినట్టు గీసేది. అది ఆయన పేరని ఆమెకు చాలా ఏండ్లు తెలియదు. తెలిసి అడిగిన దినం ఆయన నవ్వినాడు. "నెలకి మూడు దినాలు మూలకూర్చునే చెయ్యి రాముడికి కండ్లు గీసిందంటే, ఆ గుడ్డని ఏ గుళ్లో కట్టనిస్తారే?"

తిరుపతి నుంచి పరంధామయ్య అనే ఆయన వ్యానులో జనాన్ని తెచ్చేవాడు. కొండమీద దర్శనం అయినోళ్లకు పొద్దున మాధవమాల అనే ఊళ్లో కొయ్యబొమ్మలు, మధ్యాన్నం కాళహస్తిలో గుడ్డలు చూపించేవాడు. వాళ్లు పొయ్యి దాకా వచ్చి చూసేవాళ్లు. పన్నెండు మందికి కాఫీ కలుపుతా ఉండే ఆమెను చూపించి అత్త రాఘవమ్మ, "మా కోడలు. కాఫీ ఒకటి బాగా పెడతాది, ఇంకేం రాదు పాపం" అనేది. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

ఒక దినం మద్రాసులో గుడ్డల అంగడి పెట్టుకున్న భారతమ్మ అనే పెద్దామె వచ్చింది. కాఫీ లోటా అందుకుంటా పంకజాక్షి వేళ్ల కొసల్లో నలుపు చూసింది. "ఇది పొయ్యి మసి కాదే. గీసేది నువ్వేనా అమ్మా?" పంకజాక్షి చేతులు కొంగులో దాచుకుంది.

వ్యాను మలుపు తిరగ్గానే సుందరరాజు ఆమెను కొప్పు పట్టి బట్టలుతికే బండ దగ్గరికి ఈడ్చినాడు. మోకాళ్లు దోక్కుపోయినాయి. "చెయ్యి పెట్టు" అన్నాడు. ఆమె కుడిచెయ్యి పెట్టింది.

"అది కాదు. దాంతో పని ఉండాది. ఎడమది పెట్టు."

అత్త వచ్చి ఎడమ మణికట్టు పట్టుకునింది. కరక్కాయలు దంచే రోకలి రెండు తూర్లు దిగింది. రెండు వేళ్లు విరిగిన చప్పుడు ఆమెకు ముందు వినిపించింది, నొప్పి ఆ వెనక వచ్చింది.

"నేను నోరు తెరవలా" అనింది ఆమె.

"నీ చెయ్యి చెప్పింది గదే. మళ్లీ చెప్పిందంటే రెండోదీ పోతాది. తమ్ముడి పెండ్లాం కూడా నేర్చుకుంటా ఉండాది, నువ్వొకతివే కాదు" అన్నాడు ఆయన.

పుత్తూరుకు తీసుకుపోయి ఎముకల కట్టు కట్టించినారు. మెట్లమీద పడిందని సుందరరాజు చెప్పినాడు. కట్టే ముసలాయన వేళ్లు తడిమి, "మెట్లు వేళ్లని ఎంచుకోని కొట్టవప్పా" అన్నాడు. సుందరరాజు అదేదో పరాచికం అయినట్టు నవ్వినాడు. మూడో దినం ఆమె మోచేత్తో గుడ్డ అదిమిపెట్టి గీస్తా ఉంది. ఆ గీసేటప్పుడు ఆమెకు ఒకటే ఆలోచన. ఈ కుడిచెయ్యి ఉన్నప్పుడే ఏదో ఒకటి చెయ్యాల, రేపు ఆ చిన్న కోడలికి గీత కుదిరితే ఇది కూడా బండమీదికే వస్తాది.

రెండు నెలలకు మళ్లీ కబురొచ్చింది. భారతమ్మ ఇంకో పదిమందితో వస్తాదంట, ఎరుపు ఎట్లొస్తాదో చూడాలంట. శ్రీరాముడి పట్టాభిషేకం గుడ్డ తయారు చెయ్యమన్నాడు సుందరరాజు. ఎరుపు రావాల్సిన చోట ముందుగా పటికనీళ్లు పూస్తారు. ఎర్రవేరు నీళ్లలో కాచినప్పుడు పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది. ఉత్త పటికనీళ్లు ఆరితే కనపడవు కాబట్టి, కలం యాడిదాకా పోయిందో తెలిసేందుకు చిటికెడు రంగు కలుపుతారు. సింహాసనానికి అట్లాగే కలిపి పూసింది. దాని కింద జానెడు జాగా ఖాళీగా వదలమన్నాడు ఆయన. ఆ జాగాలో రంగు కలపకుండా ఉత్త పటికనీళ్లతో గీసింది. ఏమీ కనపడని గుడ్డమీద, కనపడని గీత పక్కన గీత, ఒక పొద్దంతా.

వాకిట్లో రాగి అండాలో ఎర్రవేరు నీళ్లు తెర్లుతా ఉన్నాయి. చుట్టూ జనం. సుందరరాజు గుడ్డని నీళ్లలో ముంచి కర్రతో తిప్పుతా, "ఈ చెయ్యి పట్టినాకే ఎరుపుకు ప్రాణమొస్తాది" అని చెప్తా ఉన్నాడు. కర్రతో పైకెత్తినాడు.

సింహాసనం ఎర్రగా వచ్చింది. దాని కింద ఒక బండ వచ్చింది, బండమీద ఒక ఆడదాని చెయ్యి, రోకలి ఎత్తిన మొగోడు. మొగోడికి సుందరరాజు మీసం, ఆయన చెవికి పెట్టుకునే కడుకు. మణికట్టు పట్టుకున్న ముసలామెకు రాఘవమ్మ మూడురాళ్ల ముక్కుపుడక.

రాఘవమ్మ చెయ్యి తన ముక్కు మీదికి పోయింది. సుందరరాజు గుడ్డనీ కర్రనీ అండాలో వదిలేసి, పదిమంది ముందరే పంకజాక్షి కుడిచెయ్యి మెలితిప్పి తెర్లే నీళ్లవైపు లాగినాడు. వేళ్ల కొసలు మునిగినాయి, తోలు ఊడింది. ఆమె వంకర వేళ్ల ఎడమచేత్తో కర్ర పెరికి, పొగలుకక్కే గుడ్డని ఎత్తి ఆయన మొహం ముందర పట్టుకునింది.

"ఇంకొక అడుగు వెయ్యి. మొహాన చుడతాను."

ఆయన వెనక్కి పోయినాడు. పెండ్లయిన ఇరవై ఏండ్లలో ఆయన వెనక్కి నడవడం ఆమె చూసింది అదే మొదలు.

భారతమ్మ దగ్గరికొచ్చి, "దీన్ని నేను తీసుకుంటానమ్మా" అనింది మెల్లగా.

"అమ్మేది కాదమ్మా. ఏట్లో ఉతకాల, లేకపోతే రంగు నిలవదు."

గుడ్డని మడవకుండా కర్రకు వేలాడదీసి, ఆ కర్రని భుజాన పెట్టుకుని పంకజాక్షి అంగళ్ల వీధిలో నడిచింది. ఎర్రనీళ్లు రైక మీదుగా కారి పాదాల దాకా వచ్చినాయి. ఏట్లో పారే నీళ్లలో ఉతికి, జనం దిగే దోవ పక్కన ఇసకలో పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టింది. ఎండేదాకా పక్కనే కూర్చునింది. వచ్చినోళ్లంతా వంగి చూసిపోయినారు. ఎండినాక మడత పెట్టుకుని, రేణిగుంట బస్సెక్కింది.

పంకజాక్షి, యాభై రెండేండ్లు. ఆయన పోయి ఆరేండ్లు. ఇప్పుడు ఉండేది తిరుపతి, కొర్లగుంట.