ఓకే నొక్కినా ఆగనిది

ఇంట్లో అతన్ని అందరూ ఇంజనీరు అంటారు. చదివింది ఇంజనీరింగు కాదు, చేసేది టీవీల దుకాణంలో కౌంటరు ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే కౌంటరు వెనక నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. అయినా బంధువుల్లో ఎవరింట్లో రిమోటు మొరాయించినా మొదటి ఫోను అతనికే వచ్చేది. అతను వెళ్లి, బ్యాటరీలు తిప్పిపెట్టి, కాఫీ తాగి వచ్చేవాడు. ఆ మర్యాదకి బాగా రుచి మరిగాడు.

దుకాణంలో అతను రోజుకి పదిసార్లు చెప్పే పాఠం ఒకటుంది. సెట్‌టాప్ బాక్సులో కార్యక్రమాలు రికార్డు చేసుకోవడానికి ఏం కొనాలని ఎవరడిగినా గొంతు సవరించుకునేవాడు.

"పెన్‌డ్రైవ్ జోలికి పోకండి సార్. ఫొటోలు దాచుకోడానికైతే బ్రహ్మాండం. టీవీ రికార్డింగంటే ఆగకుండా రాస్తూనే ఉండాలి. చిన్న ప్రాణం కదా, కాసేపు రాసి చతికిలపడుతుంది. హార్డ్‌డిస్క్ తీసుకోండి, అందులోనూ సొంత కరెంటు వైరు ఉన్నది. బాక్సు ఇచ్చే కాస్త కరెంటు దానికి ఏ మూలకీ చాలదు."

ఇది వినీ వినీ బిల్లులు కొట్టే అమ్మాయికి కూడా కంఠతా వచ్చేసింది. అలాంటివాడు సొంత అక్క దగ్గర చేసిన నిర్వాకం చూడండి.

అక్క చెవులు వినబడని పిల్లల బడిలో టీచరు. పాతికేళ్లుగా చేతులతో పాఠాలు చెబుతోంది. ఒక టీవీ చానెల్ వాళ్లు ఆదివారం సాయంత్రం పిల్లల డాక్టరుతో గంటసేపు ప్రత్యక్ష ప్రసారం పెట్టి, ఆయన మాటల్ని సైగల్లో చెప్పడానికి ఆమెని పిలిచారు. తెర మూలన గుండ్రటి గడిలో నిలబడాలి. ఆ రోజు బడిపిల్లలంతా వేరే ఊళ్లో ఆటల పోటీల్లో ఉంటారు. తిరిగి రాగానే చూపిస్తానని వాళ్లకి మాటిచ్చింది. చానెల్ వాళ్లేమో బయటివాళ్లకి కాపీలు ఇచ్చే పద్ధతి లేదన్నారు.

"ఏం కొనాలో చెప్పరా, మీ బావ చేత తెప్పిస్తాను" అంది అక్క.

"నువ్వు కొనడమేంటక్కా? నేను లేనూ?"

అనడమైతే అనేశాడు. దుకాణానికి వెళ్లి హార్డ్‌డిస్క్ పెట్టె చేతిలోకి తీసుకున్నాడు, వెనక అంటించిన ధర చూశాడు, మెల్లగా అరలో పెట్టేశాడు. కింది సొరుగులో ఏదో టీవీతో ఉచితంగా వచ్చిన పెన్‌డ్రైవ్ ఒకటి పడి ఉంది. ఒక్క గంటే కదా, దీనికి ఇది చాలదా అనుకున్నాడు. ఇందులో పిసినారితనం ఒక్కటే లేదు. తన చేత్తో పెట్టింది ఏదైనా పనిచేసి తీరుతుందని అతను నిజంగానే నమ్మాడు. అక్క ఇంటికెళ్లి దాన్ని బాక్సుకి గుచ్చి, రెండు నిమిషాలు వార్తలు రికార్డు చేసి చూపించాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది. ఆదివారం కార్యక్రమం దానంతటదే రికార్డయ్యేలా టైము కూడా పెట్టాడు. అక్క మురిసిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. మనవాడు పడడమే కాదు, అందులో ఈత కూడా కొట్టి చూపించాడు.

ఆదివారం బావ ఒక్కడే ఇంట్లో ఉన్నాడు. బావది తాళాలు బాగుచేసే పని. ఎంత మొండి తాళమైనా వంకర తీగతో క్షణాల్లో తెరుస్తాడు గానీ, ఇంగ్లీషు అక్షరాలు కనబడితే మాత్రం అద్దాలు వెతుక్కుంటాడు. కార్యక్రమం మొదలైన పదకొండో నిమిషంలో, అక్క కనబడిందో లేదో, తెర మూలన ఒక నల్లటి పెట్టె వచ్చింది. అందులో నాలుగు ముక్కల ఇంగ్లీషు, కింద ఓకే. ఆ పెట్టె సరిగ్గా అక్క మొహాన్నే కప్పేసింది. బావ కంగారుగా రిమోటు అందుకుని ఓకే నొక్కాడు. పెట్టె పోయింది. ఆ తర్వాత ఆయన కార్యక్రమం అయ్యేదాకా రెప్ప వెయ్యకుండా భార్య చేతుల్నే చూశాడు.

మర్నాడు చూసుకుంటే రికార్డింగు పదకొండు నిమిషాలే ఉంది. ప్రకటనలు, సంగీతం, డాక్టరుగారి డిగ్రీలు. ఆపైన ఏమీ లేదు. అక్క ఫోను చేయగానే ఇంజనీరు పరుగున వచ్చి బాక్సు సెట్టింగుల్లోకి వెళ్లి, ఎక్కడ ఆగిందో వెతికాడు. డ్రైవ్ వేగం చాలక రికార్డింగు ఆగిందని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. చదవగానే అతని చెవులు వేడెక్కాయి.

"ఏమైందిరా?" అంది అక్క.

అతను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "మధ్యలో ఏదో పెట్టెలాంటిది వచ్చింది బావమరిదీ. మీ అక్క మొహానికి అడ్డమొచ్చిందని ఓకే నొక్కాను. నొక్కకూడదా?"

వెతుక్కునే పని లేకుండా సాకు తనంతట తానే వచ్చి ఒళ్లో కూర్చుంది.

"అదే బావా. ఆ ఓకే నొక్కడం వల్లే ఆగిపోయింది" అన్నాడు ఇంజనీరు, సెట్టింగులు చటుక్కున మూసేస్తూ.

అక్క భర్తవైపు చూసింది. "గంటసేపు ఊరికే కూర్చోలేకపోయారా?" అని మాత్రం అంది. బావ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఆ రోజునుంచీ ఇంజనీరుది తేలు కుట్టిన దొంగ బతుకైంది. ఇదివరకు అతను గుమ్మంలో అడుగుపెడితే చాలు, "ఏం ఇంజనీరుగారూ, ఈ వారం ఎన్ని బ్యాటరీలు తిప్పారు?" అని బావ ఆటపట్టించేవాడు. ఇప్పుడా ఊసు లేదు. ఒకరోజు వెళ్లేసరికి తోటపని కార్యక్రమం నడుస్తోంది. ఉండేది మూడో అంతస్తు, కుండీ ఒక్కటి లేదు. బావ బుద్ధిగా కూర్చుని ఎరువుల గురించి వింటున్నాడు.

"చానెల్ మార్చుకోవచ్చు కదా బావా."

"నువ్వు మార్చు బావమరిదీ. నాకెందుకొచ్చిన గొడవ, మళ్లీ ఏం నొక్కి ఏం పాడు చేస్తానో."

రిమోటు అతని చేతికిచ్చి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇంజనీరు నిజం చెప్పేద్దామనుకున్నాడు, కానీ కాఫీ వచ్చింది, తాగి వచ్చేశాడు.

అంతకంటే ఘోరం బడి దగ్గర జరిగింది. ఆ పిల్లలు ప్రతి మనిషికీ ఒక సైగని పేరుగా పెట్టుకుంటారు. బావకి అప్పటిదాకా తాళం తిప్పే సైగ ఉండేది. పోటీలనుంచి వచ్చి టీవీ కార్యక్రమం ఏదని పిల్లలు అడిగితే, మా ఇంటాయన ఓకే నొక్కేశారని అక్క సైగ చేసి చెప్పింది. అంతే, పేరు మారిపోయింది. ఒక మధ్యాహ్నం బీరువా తాళం బాగుచేసి బావ బయటికొస్తుంటే, గేటు దగ్గర పిల్లలు గుంపుగా బొటనవేలితో గాలిలో మీట నొక్కి పలకరించారు. బావ కూడా నవ్వుతూ బొటనవేలు నొక్కి చూపించాడు. అక్కకి పుస్తకాలు ఇద్దామని వచ్చిన ఇంజనీరు రోడ్డుకి ఇవతల నిలబడి అదంతా చూశాడు. పుస్తకాలు ఇవ్వకుండానే తిరిగి వెళ్లిపోయాడు. దారంతా తనమీద తనకే రోత పుట్టింది.

నెల తిరక్కుండానే చానెల్ వాళ్లు అక్కని మళ్లీ పిలిచారు. మర్నాడే బావ చేతులకి నూనె మరకలతో నేరుగా దుకాణానికి వచ్చాడు.

"ఓకే నొక్కినా ఆగనిది ఏదన్నా ఉంటే ఇవ్వు బావమరిదీ. ఈసారి నేను కొంటాను. నొక్కనులే, రిమోటు దరిదాపులకే రాను. పొరపాటున చెయ్యి తగిలినా ఆగకుండా ఉండాలని."

ఇంజనీరు అరల వైపు తిరిగి పెట్టెలు వెతుకుతున్నట్టు నటించాడు. బిల్లులమ్మాయి మాత్రం ఊరుకోలేదు.

"ఓకే నొక్కితే ఎందుకాగుతుందండీ? ఆగిపోయిందని చెప్పడానికే తెరమీద ఆ ఓకే పెట్టె వస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టుంటారు మీరు. పది నిమిషాలకే చేతులెత్తేస్తుందని మా సార్ రోజూ మొత్తుకునేది అందుకే కదా."

బావ ఆమెవైపు చూశాడు. తర్వాత బావమరిది వీపువైపు చూశాడు. "అలాగా అమ్మా" అన్నాడు.

హార్డ్‌డిస్క్ పెట్టె చంకలో పెట్టుకుని గుమ్మందాకా వెళ్లి ఆగాడు. ఇంజనీరు వెనకాలే వెళ్లాడు.

"మీ అక్కకి చెప్పకు" అన్నాడు బావ, గొంతు తగ్గించి. "తమ్ముడంటే ఆమెకి గొప్ప. నాకేముంది, అలవాటైపోయింది."

చెంప పగలగొట్టి ఉంటే హాయిగా ఉండేది. ఇంజనీరు ఆ పూట ఎవరికీ పాఠం చెప్పలేకపోయాడు. ఒకాయన పెన్‌డ్రైవ్ అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

సాయంత్రం అక్క ఇంట్లో డిస్కు బిగిస్తుంటే, "మీరు కాస్త దూరంగా కూర్చోండి" అని అక్క భర్తతో అంది. ఆ మాట రాకముందే బావ కుర్చీని తలుపు పక్కకి లాక్కుని కూర్చున్నాడు.

"బావ ఏం చెయ్యలేదక్కా" అన్నాడు ఇంజనీరు. నేలమీద కూర్చుని, చేతిలో కరెంటు వైరు పట్టుకుని, దానివైపే చూస్తూ అన్నాడు. "ఓకే నొక్కకముందే ఆగిపోయింది. నేను పెట్టింది ఊరికే వచ్చిన పెన్‌డ్రైవ్. అది పనికిరాదని నాకు తెలుసు. ఆ రోజు బాక్సులో చదివాను కూడా. చదివి, ఆయనమీదికి నెట్టాను."

అక్క వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"పనికిరానిది తెచ్చావు, సరే. ఆయనమీద ఎందుకు పెట్టావురా?"

"నువ్వేమనుకుంటావోనని."

"ఏమనుకుంటాను? తిట్టేదాన్ని, రెండ్రోజులకి మర్చిపోయేదాన్ని. బడి పిల్లలంతా ఆయన్ని ఇలా పిలుస్తున్నారు, తెలుసా నీకు?" అంటూ బొటనవేలితో గాలిలో నొక్కి చూపించింది. "ఆ పేరు నా చేత్తో నేనే పెట్టించాను."

తెలుసని అతను చెప్పలేకపోయాడు. అక్క లేచి, టీవీ పైనున్న రిమోటు తీసి, తలుపు దగ్గరికెళ్లి భర్త చేతిలో పెట్టింది. ఆయన వద్దన్నా వినలేదు.

కొత్త డిస్కుని గుర్తుపట్టిన బాక్సు తెరమీద మళ్లీ ఒక నల్లటి పెట్టె చూపించింది. నాలుగు ముక్కల ఇంగ్లీషు, కింద ఓకే. బావ బొటనవేలు మీటమీద ఆగింది.

"నొక్కు బావా" అన్నాడు ఇంజనీరు. "లోపలున్నదంతా చెరిపేసి సిద్ధం చేసుకుంటానంటోంది. కొత్తది కదా, అందులో పోయేదేం లేదు."

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో అతని మాటకి తిరుగులేదు. బావ వేలు కదల్లేదు. తల తిప్పి భార్యని అడిగాడు. "నొక్కమంటావా?"

అక్క అద్దాలు పెట్టుకుని టీవీ దగ్గరికి వెళ్లింది. తెరమీదున్న ముక్కల్ని ఒక్కొక్కటీ తనే చదువుకుంది, మళ్లీ మొదటినుంచీ చదివింది. ఇంజనీరు తల వంచుకుని ఎదురుచూశాడు.

"నొక్కండి" అంది అక్క.