పేరు చెప్పని పనులు

ఆమె దిండుకు గలీబు సగం తొడిగింది. అప్పుడే భర్త గుమ్మంలోకి వచ్చి, నోట్లో బ్రష్షు తీయకుండానే, "రెండు నెలలు సెలవు పెట్టేశావా?" అన్నాడు.

పెట్టమని అంతకు ముందు ఎవరూ ఆమెతో అనలేదు. మామగారికి సోమవారం మోకాలి చిప్ప మార్చే ఆపరేషన్ ఉందని మాత్రం తెలుసు. ఇంట్లో దాని గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ ఆమె వంటింట్లోనో ఆఫీసులోనో ఉంది. ముందు గదిలోకి మంచం జరపడం, స్నానాలగది గోడకు పట్టుకునే కమ్మీ బిగించడం, ఎత్తు కుర్చీ తేవడం అన్నీ భర్తా మరిదీ, అన్నదమ్ములిద్దరే తేల్చేసుకున్నారు. కమ్మీకి ఒకరు, కుర్చీకి ఒకరు అని పంచుకున్నారు కూడా. వేళకు మందులిచ్చేదెవరు, రోజుకు రెండుసార్లు కాలు వంచి వ్యాయామం చేయించేదెవరు అన్న మాట మాత్రం రాలేదు. రాకుండానే తేలిపోయింది.

"సెలవని ఎవరన్నారు?" అంది ఆమె.

"ఒకరు అనేదేముంది ఇందులో? నాన్నని చూసుకోవద్దా మరి?" అనేసి వాష్‌బేసిన్ వైపు వెళ్ళిపోయాడు. అక్కడికి ఆ మాట అయిపోయింది.

ఆమె గలీబు పూర్తిగా తొడిగి, దిండును రెండు చేతులతో దులిపింది. పిల్లలిద్దరి కోసం ఆరేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ఉద్యోగంలో చేరి అయిదు నెలలే అయింది. చేరిన రోజు అత్తగారు ఏమీ అనలేదు. ఆడబిడ్డ ఫోన్లో, "ఇంట్లో తోచదులే పాపం" అని జాలిపడింది. ఇంటికొచ్చిన వాళ్ళకి భర్త, "సరదాగా ఏదో చేసుకుంటోంది" అని చెప్పేవాడు. చేసుకోవడం సంగతి అలా ఉంచితే, సరదా అన్న ముక్క ఆమెకు పంటి కింద రాయిలా తగిలేది. ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే సరదాగా ఉతుకుతున్నారంటారా?

ఆఫీసులో టీం లీడ్ మంచివాడే. ఆమె వెళ్ళి అడిగితే, "సెలవు కావాలంటే తీసుకోండి మేడం, నేను కాదనను. కానీ ఈ పని మధ్యలో ఆగదు. ఇంకొకరి చేతికి వెళ్ళిందంటే ఇక వాళ్ళదే. గురువారంలోగా ఏ సంగతీ చెప్పండి" అన్నాడు. అంటే రెండు నెలల తర్వాత వచ్చినా కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది గానీ, చేతిలో పని ఉండదు. చేతిలో పని లేని మనిషిని కుర్చీలో ఎన్నాళ్ళు ఉండనిస్తారు?

ఆ పని ఆమెకు ఎంతో ఇష్టం. ఒక రక్తపరీక్షల కేంద్రం వాళ్ళ వెబ్ అప్లికేషన్ అది. జనం అందులోనే పరీక్షకు బుక్ చేసుకుంటారు, రిపోర్టు చూసుకుంటారు. ఆ వివరాలన్నీ వెనక ఒక డేటాబేస్‌లో ఉంటాయి. అదొక కొట్టుగది అనుకుంటే, అరల నిండా మనుషుల పేర్లూ తేదీలూ సర్ది ఉంటాయన్నమాట. ఈ మధ్యే ఆ కేంద్రం పక్క వీధిలోని స్కానింగ్ సెంటర్‌ని కలుపుకుంది. వాళ్ళకు పన్నెండేళ్ళుగా వేరే డేటాబేస్ ఉంది. అన్నీ ఒకే చోట పోసేద్దామని లీడ్ అన్నాడు గానీ, స్కానింగ్ వాళ్ళు ససేమిరా అన్నారు. మా వివరాలు మా దగ్గరే ఉండాలని పట్టుబట్టారు. అందుకని వచ్చేవాళ్ళకు పేజీ ఒకటే, వెనక గదులు రెండు. రక్తం మాట వస్తే ఇటు, స్కానింగ్ మాట వస్తే అటు అని అప్లికేషన్‌కు దారి చెప్పే భాగం ఆమెదే. రాసింది, చూసింది, బాగానే ఉందనుకుంది.

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. మంగళవారం ఆమె ఆఫీసుకు వచ్చేసరికి అప్లికేషన్‌లో తప్పులు పట్టే పని చేసే అమ్మాయి ఎదురొచ్చింది. ఆఫీసులో అందరూ ఆ పిల్లను ఎర్రపెన్ను అంటారు.

"అక్కా, స్కానింగ్ వాళ్ళు ఫోన్ చేసి ఒకటే గొడవ. మన పేజీలో బుక్ చేసుకున్న వాళ్ళెవరూ వాళ్ళకి కనబడట్లేదట. ఒకాయన పరగడుపున వచ్చి కూర్చుంటే, మీ పేరే లేదు పొమ్మన్నారట."

"ఎంతమంది?"

"ముప్పై ఏడుగురు. పేజీలో మాత్రం బుక్ అయింది, ధన్యవాదాలు అని వస్తోంది."

ఆమె గబగబా వెతికింది. ముప్పై ఏడుగురూ దొరికారు, రక్తపరీక్షల డేటాబేస్‌లో. స్కానింగ్ బుకింగ్ ఫారం కొత్తగా చేర్చినప్పుడు, అది ఏ గదికి వెళ్ళాలో చెప్పడం ఆమె మరిచిపోయింది. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. రెండిట్లో ఒకదానికి డిఫాల్ట్ అని పేరు పెడతారు. ఎవరిదని చెప్పని పని ఏదైనా తిన్నగా దాని దగ్గరికే పోతుంది. ఇది నాది కాదని అది అనదు. అరుపూ లేదు, తప్పుందని తెర మీద చూపే ఎర్రగీతా లేదు. స్కానింగ్ వాళ్ళ కోసం కొత్తగా ఒక అర కట్టుకుని మరీ ముప్పై ఏడుగురినీ దాచిపెట్టింది.

తెర మీద ఆ పేర్లు చూస్తూ ఆమె చాలాసేపు చేతులు కదపలేదు. పిల్లల బడి నుంచి ఫోన్ వస్తే ఎవరికి వస్తుంది? గ్యాస్ అయిపోతే ఎవరికి తెలియాలి? భర్త చొక్కా గుండీ ఊడితే, ఊడిందని ఆయన అనడు, చొక్కాను మంచం మీద పడేస్తాడు, సాయంత్రానికి గుండీ ఉంటుంది. చుట్టాల పెళ్ళిరోజులు, నీళ్ళ ట్యాంకు కడిగే రోజు, మామగారి కళ్ళజోడు ఎక్కడ పెట్టారో ఆ చోటు. ఇవన్నీ నువ్వు చెయ్యమని ఎవరూ ఏనాడూ చెప్పలేదు. అదే కదా కిటుకు. చెప్పి ఉంటే కుదరదని ఒక్కసారైనా అనేదేమో. చెప్పనివాటికి కాదనడం ఎలా? పైగా అన్నీ జరిగిపోతూనే ఉన్నాయి. జరిగిపోయే ఇంట్లో తప్పు ఉందని ఎవరికి తోస్తుంది? ఆమెకే తోచలేదు. భర్త చెడ్డవాడని ఆమె అనుకోవడం లేదు. ఆయన ఆ ఫారం లాంటివాడు. ఎటు వెళ్ళాలో తెలియదు, అయినా ప్రతిసారీ ధన్యవాదాలు అని వస్తోంది. నిజానికి ఆయన అదైనా అనడు.

లీడ్ వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు. "ఆ ఒక్క ఫారానికి దారి రాసేయండి మేడం, సరిపోతుంది. మిగతాదంతా నడుస్తోంది కదా."

"నడవడం లేదండీ, అది మోస్తోంది" అంది ఆమె. "ఇలాంటివి ఇంకెన్ని దాని నెత్తిన పడ్డాయో మనకు తెలియదు. డిఫాల్ట్ అన్నచోట ఏ డేటాబేస్ పేరూ పెట్టను. ఖాళీగా వదిలేస్తాను."

"అన్నీ ఆగిపోతాయి."

"ఆగనివ్వండి. ఆగితేనే ఎవరివో తెలుస్తుంది."

అసలు అప్లికేషన్ జోలికి పోకుండా, పరీక్షకు పెట్టుకున్న నకలు మీద ఆ పని చేసింది. చేసిన మరుక్షణం తెర నిండా ఎర్రగీతలు. ఆఖరికి లాగిన్ అయి లోపలికి రావడం కూడా ఆగిపోయింది.

"నన్నే రానివ్వట్లేదు మేడం, ఇదేం విడ్డూరం" అన్నాడు లీడ్.

"మీరెవరో ఏ గదిలో చూడాలో దానికి తెలీదు సార్. ఎవరూ చెప్పలేదుగా" అంది ఎర్రపెన్ను.

ఒక్కొక్క గీత పట్టుకుని ఇది ఇటు, అది అటు అని రాసుకుంటూ పోయింది ఆమె. మొత్తం పద్నాలుగు తేలాయి. బుధవారం మధ్యాహ్నానికి ఒక్క గీత లేదు. అదే మార్పు అసలు అప్లికేషన్‌లోనూ పెట్టి, ముప్పై ఏడుగురినీ స్కానింగ్ వాళ్ళ గదికి చేర్చింది. అక్కడి నుంచి ఫోన్ చేసి, "ఇప్పుడు కనబడుతున్నారండీ, అందరూ ఉన్నారు" అన్నప్పుడు, ఎవరో వీపు మీద బరువు దించినట్టు ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

గురువారం మామగారిని ఇంటికి పంపిస్తున్నారు. ఆస్పత్రి గదిలో అందరూ ఉన్నారు. నర్సు కాగితం తీసి, "ఇంటి దగ్గర చూసుకునేదెవరు?" అంది.

"మేం చూసుకుంటాం సిస్టర్" అన్నాడు భర్త.

"మేం అంటే ఎవరండీ?"

"ఇంట్లో అందరం ఉంటాం కదా."

"అందరూ అని రాయడానికి లేదు. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొద్దున పదింటికి ఇంజెక్షన్ ఇవ్వాలి. అది ఇప్పుడే నేర్పించాలి. ఒక మనిషి ముందుకు రండి."

అందరి కళ్ళూ ఆమె వైపు తిరిగాయి. మరిది అయితే పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు. నేను అన్న మాట పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ ఆమె గొంతు దాకా వచ్చింది. రానివ్వలేదు. ఊరుకుంది. నర్సు పెన్ను పట్టుకుని చూస్తోంది.

"చెప్పు" అన్నాడు భర్త, మెల్లగా.

"నేను తొమ్మిదికి ఆఫీసులో ఉంటాను. సెలవు పెట్టడం లేదు" అంది ఆమె. "సాయంత్రం వ్యాయామం నేను చేయిస్తాను. అది నా పేరు మీద రాసుకోండి సిస్టర్. మిగతావి వీళ్ళని అడగండి."

భర్త ఆమె దగ్గరికి వంగాడు. "ఇక్కడ మాట్లాడాల్సిన మాటా ఇది?"

"ఆవిడ అడిగింది ఇక్కడేనండీ."

నర్సుకు ఇంకా పది గదులు తిరగాలి. పెన్ను అత్తగారి వైపు తిప్పి, "పోనీ మీరు నేర్చుకుంటారా అమ్మా?" అంది.

అత్తగారు పైట సర్దుకుంది. "మా అత్తగారిని పదకొండేళ్ళు ఎత్తి దించాను తల్లీ. అప్పుడు నా పేరు ఎవరూ ఏ కాగితం మీదా రాసుకోలేదు. ఇప్పుడు కొత్తగా రాయకు. ఇదిగో, చిన్నవాడు. ఇంటి నుంచే పని చేస్తాడు, వీడికి నేర్పు. పొద్దుటి మందులూ నడకా పెద్దవాడివి."

"నాకు సూదంటే భయం అమ్మా" అన్నాడు మరిది.

"గుచ్చేది నన్నురా, నిన్ను కాదు" అన్నాడు మామగారు మంచం మీద నుంచి.

నర్సు నవ్వాపుకుంటూ రెండు పేర్లూ రాసుకుంది. భర్త జేబులోంచి ఫోన్ తీసి, "పొద్దుటి మందులు ఎన్నింటికి?" అని అడిగాడు. పదిహేనేళ్ళలో ఆయన ఒక పని వేళ అడగగా ఆమె వినడం అదే మొదటిసారి.

ఆమె వరండాలోకి వచ్చి లీడ్‌కి ఫోన్ చేసి, సెలవు అక్కర్లేదని చెప్పింది. లోపల నర్సు, "చెయ్యి వణక్కూడదు సార్, నారింజకాయ మీద ఇంకోసారి గుచ్చండి" అంటోంది. అత్తగారు కూడా బయటికి వచ్చి, బల్ల మీద ఆమె పక్కనే కూర్చుని, మెట్టెల కాళ్ళు ముందుకు చాపుకుంది.

"అమ్మాయ్," అంది అత్తగారు, "అడిగినప్పుడు ఊరుకోవచ్చని ఇన్నేళ్ళూ నాకు తట్టనే లేదు సుమా."