జేడు చెట్టుకు కొట్టిన మందు

రాలిన ఆకులన్నీ ఏరి చొక్కా జేబులో వేసుకున్నాక ప్రేమదాసు కిటికీలో చెట్టున్న డబ్బాను మెల్లగా తిప్పాడు. కిటికీ బండ మీద ఇనుము గీరుకుని చప్పుడు చేస్తుందని అడుగున గోనె ముక్క పరిచి ఉంచాడు. ఆకులున్న వైపు మంచానికి, బోడి వైపు వీధికి. వీధిన పోయేవాళ్లు చూస్తే చూశారు, మంచం మీది మనిషి మాత్రం చూడకూడదు. కొన్నాళ్లుగా ఆమె కళ్లు తెరవకముందే రోజూ ఇదే పని. కానీ ఇవాళ ఎటు తిప్పినా కొమ్మలే కనబడుతున్నాయి. చివరికి నాలుగాకులు మిగిలిన రెమ్మను ముందుకు తెచ్చి, అంతకన్నా చేయగలిగింది లేక చేతులు దులుపుకున్నాడు.

"ఏం చేస్తన్నావయ్యా అక్కడ?" రెబ్కా లేచింది.

"ఏం లేదు. ఎండ తగలాలని జరుపుతన్నా."

"నీళ్లు పొయ్యబాక. ఆకు ముడత పడ్డాకే పొయ్యాల."

"పొయ్యలేదులే."

ఆ ఒక్క ముక్కా నిజమే. పొద్దున్నే ఒక నిజం చెప్పగలిగానని కాస్త తేలికపడ్డాడు. అలా తేలికపడినందుకు మళ్లీ తనకే సిగ్గేసింది. గంజి వార్చి గ్లాసులో పోసి ఆమె తల దగ్గర పెట్టి, చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని బయటపడ్డాడు.

రెబ్కా అతని భార్య. మంచాన పడకముందు ఒంగోలులో ఒక ఆస్పత్రిలో ఆయాగా చేసేది. అక్కడి నర్సు సంతోషకుమారి వేరే ఊరికి వెళ్లిపోతూ తన కుండీలోంచి ఒక్క ఆకు తుంచి ఆమె అరచేతిలో పెట్టింది. "దీన్ని జేడు మొక్కంటారు రెబ్కా. ఇసకలో పడేసినా బతుకుద్ది. ముద్దు ఎక్కువై రోజూ నీళ్లు పోశావనుకో, కుళ్లిపోద్ది" అంది. గంగపాయల ఆకుకు పెద్దన్నలా ఉండే ఆకు. మందంగా, చల్లగా, నూనె రాసినట్టు నున్నగా. రెబ్కా దాన్ని చేతిరుమాల్లో చుట్టి, దర్శి బస్సులో ఒళ్లో పెట్టుకుని పాలేనికి తెచ్చింది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఇసక మీద పడుకోబెట్టిన ఆకుకు సన్నటి వేళ్లొచ్చాయి, వాటి పక్కనే పెసరగింజంత మొలక. డాల్డా డబ్బాకు మేకుతో అడుగున చిల్లులు పొడిచి, వాగు ఇసక, మట్టి సమంగా కలిపి నాటింది. ఏళ్లు గడిచేసరికి దాని మొదలు ప్రేమదాసు బొటనవేలికన్నా లావెక్కింది. ఆదివారం చర్చికి పోయేముందు ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడిచేది. "పూత లేదు, కాత లేదు, పప్పులోకైనా పనికిరాదు, ఎందుకే నీకీ సేవ?" అని పాలెం ఆడాళ్లు ఎగతాళి చేస్తే నవ్వేసేది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఇంటికొచ్చి పడ్డాక, ఆ డబ్బాను మంచానికి ఎదురుగా కిటికీలోకి మార్పించుకుంది.

ప్రేమదాసు పత్తిచేలకు మందు కొడతాడు. తెల్లదోమ ఊళ్లకు ఊళ్ల పత్తిని ఊడ్చేసిన ఏడు అది. ఒక మందుకు చావకపోతే రెండు కలిపేవాళ్లు, రెంటికీ చావకపోతే మూడోది పోసేవాళ్లు. స్ప్రేయరు అడుగున మిగిలిన మందును ఎవరూ పారబోయరు. ఇంటికి తెచ్చి బీరపాదుకో, మంచంలో నల్లులకో కొట్టుకోవడం ఆ పనిచేసేవాళ్లందరికీ అలవాటు. జేడు ఆకుల సందుల్లో దూదిపింజల్లా తెల్లపురుగు పట్టినప్పుడు "సబ్బునీళ్లతో తుడువయ్యా" అంది రెబ్కా. అతను సరేనన్నాడు. గుడ్డతో తుడిస్తే పోయే పురుగా ఇది అని లోపల అనుకున్నాడు. ఇన్నేళ్లూ తన ఒంటి మీది మందు కంపుకు ఆమె మొహం తిప్పుకోవడమే చూశాడు గానీ, తన పనితనం ఇంట్లోకి ఎన్నడూ పనికిరాలేదు. ఆ సాయంత్రం ఆమె నిద్రలో ఉండగా డబ్బాను పెరట్లోకి తీసుకుపోయి, మూడు మందులు కలిసిన ఆ అడుగుబొడుగును ఆకు ఆకుకూ తడిసేలా శ్రద్ధగా కొట్టాడు. పురుగు చచ్చింది. రెండు రోజుల పాటు తనలో తాను మురిసిపోయాడు కూడా. మూడో రోజు ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. ఆ తర్వాత ముట్టుకుంటే చాలు, రాలడం మొదలెట్టాయి.

ఇవాళ యలమందయ్య చేలో పొద్దంతా ప్రేమదాసు సాళ్ల వెంట నడిచాడు. స్ప్రేయరు పట్టీలు భుజాల మీద ఎప్పటి పుండునే మళ్లీ ఒరుస్తున్నాయి. గాలి ఎదురు తిరిగినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుని, మళ్లీ అడుగేస్తున్నాడు. ఎండ నెత్తికెక్కాక గట్టు మీద సద్ది విప్పుకున్నాడు. రైతు యలమందయ్య పక్కన చుట్ట ముట్టించాడు.

"అయ్యా, మందుకు మాడిన చెట్టు మళ్లీ చిగురేస్తదా?"

"ఎవరి చేలోరా?"

"చేలో కాదయ్యా. మా ఇంట్లో, రెబ్కా చెట్టు."

యలమందయ్య పడీపడీ నవ్వాడు. "ఒరేయ్, డబ్బాలో చెట్టుకి పత్తిమందు కొట్టావంట్రా!" అని, అతని మొహం చూశాక నవ్వు ఆపుకున్నాడు. "చెప్పావా ఆమెకి?"

"లేదయ్యా."

"చెప్పెయ్యి. తిడితే పడు. మొగుడన్నాక ఆమాత్రం తిట్లు పడకపోతే ఎట్టా?"

తిడితే బాగానే ఉండేది. రెబ్కా తిట్టే మనిషి కాదు. కొమ్మల్ని చూస్తుంది, తర్వాత అతని చేతుల్ని చూస్తుంది. ఆ చూపుకే అతనికి భయం. అయినా ఇవాళ చెప్పేయాలి. రేపటికి తిప్పడానికి ఆ నాలుగాకులు కూడా ఉండవు. నేనే చంపాను, చెప్పకుండా దాచాను అనాలి. తక్కిన సాళ్లన్నీ ఆ రెండు మాటలూ నోట్లో తిప్పుకుంటూనే కొట్టాడు.

పొద్దు వాలేవేళకు ఇంటికి వచ్చేసరికి పక్కింటి ఖైరున్నీసా గడపలో కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచీ రెబ్కాకు ఆయాసం ఎక్కువైందని, వచ్చి కూర్చుందట.

"నీకోసమే చూస్తందన్నా" అంది పక్కకు జరుగుతూ.

మంచం మీద రెబ్కా ముక్కుకూ మూతికీ తెల్లగుడ్డ కట్టుకుని ఉంది. ఆస్పత్రిలో ఆపరేషన్ గది ఊడ్చేటప్పుడు కట్టుకున్నట్టే, తల వెనక ముడి. ఆమెకు ఊపిరే కష్టంగా ఉంటే ఆ గుడ్డ ఎందుకో ప్రేమదాసుకు అర్థం కాలేదు.

"అదేందది? తియ్యి, గాలాడదు."

"ఉండనియ్యి." గుడ్డ లోపలి నుంచి మాటలు ఆగి ఆగి వచ్చాయి. "వీధిలోంచి వస్తా ఖైరున్నీసా చూసింది. అటేపంతా బోడంటగా. నా దగ్గుకే అయ్యా. రేయింబగళ్లు దాని మొహానే దగ్గుతన్నా. ఆస్పత్రిలో చేసినదాన్ని, నా గాలి ఎట్టాంటిదో నాకు తెలవదా? దూరంగా పెట్టమనాల్సింది. కళ్లెదురుగా ఉండాలని ఆశపడ్డా."

ప్రేమదాసు చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"సిస్టరమ్మ నమ్మి ఇచ్చింది. ఎప్పుడన్నా వచ్చి అడిగితే ఏం చెప్తావ్? నాకు సిగ్గుగా ఉందయ్యా." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నీకు ముందే తెలుసు కదూ? నేను బాధపడతానని తిప్పి పెడతన్నావు. మంచోడివి."

ఆ మాటతో అతనికి నేల మీద నిలబడ్డానికి చోటు లేకపోయింది. ఆమె దగ్గరికి పోదామనుకున్నాడు. చొక్కా నిండా మందు కంపు.

"అది కాదు రెబ్కా. నేనో మాట చెప్పాల. ముందు నీళ్లు పోసుకొస్తా. కంపు కొడతన్నా."

"పోయిరా" అంది.

దడి పక్కన బట్టలుతికే సబ్బుతో ఒళ్లు రుద్దుకున్నాడు. మోచేతుల దాకా రుద్ది, చాలదనిపించి మళ్లీ రుద్దాడు. కంపు పోయాక చెబుతాను అనుకున్నాడు. కంపు పోయింది. ఏ మాటతో మొదలెట్టాలో తేల్చుకున్నాక చెబుతాను అనుకున్నాడు. నేనే చంపాను అనే మాట ముందా, నీ దగ్గు వల్ల కాదు అనే మాట ముందా? ఇంకో చెంబు పోసుకున్నాడు. ఒంటి మీద నీళ్లు ఆరిపోతున్నా అక్కడే నిలబడ్డాడు. లోపలికి పోతే చెప్పాలి గదా.

ఖైరున్నీసా దడి అవతలికి వచ్చి "అన్నా" అంది. రెండోసారి పిలవలేదు.

మర్నాడు రెబ్కా కడసారి చూపుకు పాలెం అంతా వచ్చింది. పాస్టరు గారు వచ్చారు, యలమందయ్య కూడా వచ్చి వాకిట్లో దూరంగా నిలబడ్డాడు. కిటికీలో కొమ్మల్ని చూసి ఎవరో అడిగితే ఖైరున్నీసా కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "పాపం, తన దగ్గు తగిలి చెట్టు పోతందని మూతికి గుడ్డ కట్టుకుందమ్మా. తియ్యమంటే వినలా." ఆడాళ్లు అయ్యో అన్నారు. చెట్టుకు కూడా జబ్బు అంటుద్దా అని ఒకామె అడిగింది. యలమందయ్య ప్రేమదాసు వైపు చూశాడు. ప్రేమదాసు తల దించుకుని, అంటుద్దంటమ్మా అన్నాడు.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉంది, మంచం ఎత్తి గోడకు ఆనించి ఉంది. స్నానం చేయించేటప్పుడు ఖైరున్నీసా తల మీదుగా జాగ్రత్తగా లాగి తీసిన గుడ్డ ఒక్కటే నేల మీద మిగిలింది, ముడి విప్పకుండా, ముక్కు దగ్గర ఇంకా కాస్త ఉబ్బి.