ఎవరూ కొట్టని డ్రాగన్

డ్రాగన్‌ను కథలోకి తొందరపడి తీసుకురాకూడదు. మొదట కాలిన పడవచెక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకురావాలి. తరువాత జాలర్లు ఒక దిక్కున వలలు వేయటం మానుకోవాలి. ఆ తరువాత ఎప్పుడో దాని కంఠం వినిపించాలి. దానికి ఒక కోరిక ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అది చంపగలగాలి, చావగలగాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా అది ఊరేగింపులో మోసే కాగితపు బొమ్మే. అమలాపురంలో ఇంగ్లీషు ఉపన్యాసకుడిగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ సంగతులు నాకు తెలియవు. పదవీ విరమణ తరువాత, నాగసతీష్ పుణ్యమా అని తెలుసుకున్నాను.

నాగసతీష్ మలికిపురం మనిషి. దుబాయిలో ఏసీ మెకానిక్‌గా పనిచేసే రోజుల్లో, అదే గదిలో ఉండే ఫిలిప్పీన్స్ వాళ్ళు సెలవునాడు ఒక ఆట ఆడేవారట. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు తలా ఒక పాత్రను పట్టుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఆ పని నెరవేరిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అతడు లావుపాటి ఇంగ్లీషు నియమావళిని, ఇరవై ముఖాల పాచికలను వెంట తెచ్చుకున్నాడు.

"ఈ ఇంగ్లీషు నాకు కొరుకుడు పడలేదండి మాస్టారూ. కాస్త మీరు విప్పి చెప్పాలి" అన్నాడు.

చట్టాన్ని చదివినట్టు చదివి చెప్పాను. చెబుతూ చెబుతూ కథ నడిపేవాడిని నేనే అయ్యాను.

ఆదివారం మధ్యాహ్నాలు మా ముందుగదిలో బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. సతీష్ కాక మరో ఇద్దరు వచ్చేవారు: స్కాన్ సెంటర్‌లో పనిచేసే కళ్యాణి, సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే సాలమోను. ఆటలో కళ్యాణి మంత్రగత్తె, సతీష్ విలుకాడు, సాలమోను ఖడ్గవీరుడు. ఎదుటివాడు నోరు తెరవకముందే కత్తి దూయటం సాలమోను పద్ధతి. "ముందు ఓ దెబ్బేసి, ఆనక పేరడుగుదామండి" అనేవాడు.

నా డ్రాగన్ పేరు కాలధూముడు. నది సముద్రంలో కలిసేచోట ఇసుకతిప్ప మీద పడుకుని, ఏ పడవనూ దాటనివ్వడు. వాడికి నా కంఠాన్నే ఇచ్చాను. మైకు లేకుండా వెనుక బెంచీ దాకా వినిపించిన కంఠం అది. దాని విషయంలో నాకు గర్వం ఉండేది.

వేసవిలో ఆ కంఠం బొంగురుపోయింది. "గొంతు భలే కుదిరిందండి డ్రాగన్ గారికి" అన్నాడు సతీష్. నేనూ సంతోషించాను. ఎంతకూ తగ్గకపోవటంతో ఇక్కడ స్కానింగ్ చేయించుకుని, కాకినాడ వెళ్ళి చూపించుకున్నాను. స్వరపేటిక తీసివేయక తప్పదన్నారు. తీసివేస్తే బ్రతుకుతాను, మాట ఉండదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆస్పత్రిలో చేరేలోగా ఒక్క ఆదివారం మిగిలింది. ఆ రోజు కాలధూముడు చావాలని నిశ్చయించుకున్నాను. నేను వాడిని ఊరకే చంపకూడదు. వాళ్ళు పోరాడి, న్యాయమైన దెబ్బతో చంపాలి. మత్తుమందు కింద నా కంఠం పోవటానికి ముందు, ఎదిరించి పోయిందన్న మాట ఒకటి దానికి దక్కాలి. అంతకుమించి నేనేమీ కోరలేదు.

ఆ ఆదివారం ఆటలో వాళ్ళ పడవ తిప్పకు చేరింది. "నా ఇసుక మీద అడుగుపెట్టిన మీరెవరు?" అన్నాడు కాలధూముడు.

సాలమోను కత్తి దూయలేదు. "నమస్కారమండి. తమరు భోంచేసేరా అండి?" అన్నాడు.

"పనసపొట్టు కూరేమైనా మిగిలిందేమో అడగరా" అన్నాడు సతీష్.

నేను నవ్వలేదు. డ్రాగన్ చేత హెచ్చరిక చేయించాను. దానికి కళ్యాణి, "తమరు ఈ తిప్ప మీదకి ఎప్పుడొచ్చేరండి? అంతకుముందు ఎక్కడుండేవారు?" అని అడిగింది. జవాబు చెప్పాను. ఇంకొకటి అడిగింది. అదీ చెప్పాను. సతీష్ వాడి తల్లిదండ్రుల గురించి అడిగాడు, సాలమోను వాడి నిద్ర గురించి అడిగాడు. మొదట్లో ఉత్సాహంగానే చెప్పాను. పోనుపోను గొంతులో గాజుపెంకులు కదులుతున్నట్టుంది. వాళ్ళు మాత్రం ఆయుధం మాట ఎత్తలేదు.

చివరికి డ్రాగన్ చేత వాళ్ళ పడవను తగలబెట్టించాను.

"ఆయ్, కాలనివ్వండి. పాతదేనండి" అన్నాడు సాలమోను.

"అది నీ పడవయ్యా."

"ఆయ్."

రేవులో ఎవరైనా పంటు అంచుకు మోటారుసైకిల్ తగిలిస్తే రోజంతా తిట్టుకునే మనిషి అతడు. అప్పుడు నాకు అనుమానం కలిగింది.

"కాలధూముడు మీదికి దూకుతున్నాడు. సతీష్, బాణం వెయ్యి" అన్నాను.

పాచిక దొర్లింది. అతడు చప్పున దాని మీద అరచెయ్యి మూశాడు. "తగల్లేదండి మాస్టారూ."

చెయ్యి తీయమన్నాను. తీయలేదు. నేనే మణికట్టు పట్టుకుని ఎత్తాను. పైన ఇరవై ఉంది. ఆ ఆటలో అంతకు మించిన దెబ్బ లేదు.

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

కళ్యాణి తల వంచుకుంది. "సెంటర్‌లో మీ రిపోర్టు నా చేతిమీంచే వెళ్ళిందండి. చెప్పకూడదని తెలుసు. వీళ్ళకి చెప్పేసేను."

"చెప్పి, ముగ్గురూ ఏమి నిర్ణయించుకున్నారు?"

"డ్రాగన్ పోతే ఇంక మీరేం మాట్లాడతారండి" అన్నాడు సాలమోను. "అందుకని సాయంత్రం దాకా మాట్లాడిద్దామనుకున్నామండి. మీ గొంతు వినాలని. అంతేనండి."

"పసివాడి చేతికి గిలక్కాయ ఇచ్చినట్టు ఇచ్చారు."

"అంత మాట అనకండి."

"అయితే కొట్టండి. మిమ్మల్ని అడుగుతున్నాను."

ఎవరూ పాచిక ముట్టుకోలేదు. "పెద్దవారు. మీ మీదకి చెయ్యెలా ఎత్తుతామండి" అన్నాడు సతీష్.

"నా మీదికి కాదు, డ్రాగన్ మీదికి."

"ఇవాళ మాకలా అనిపించట్లేదండి" అన్నది కళ్యాణి.

మా గోదావరి మర్యాద గురించి పరాయి ఊళ్ళవాళ్ళ దగ్గర నేను చాలాసార్లు గొప్పగా చెప్పుకున్నాను. వచ్చినవాడికి కొసరి కొసరి వడ్డిస్తాము. పోయేవాడి ముఖం మీద పోతున్నావని అనము. ఆ మర్యాదే నా ఎదుట చేతులు కట్టుకుని కూర్చుని, నాకు కావలసిన ఆ ఒక్క దెబ్బను దక్కనివ్వలేదు.

ప్రాణం మీదికి వస్తే తిరగబడతారనుకుని నేను పాచిక తీసుకున్నాను.

మొదట సతీష్ మీద నిప్పు కురిసింది. "తప్పుకుంటావా?" అన్నాను. "లేదండి" అన్నాడు. విలుకాడు బూడిద అయ్యాడు. కళ్యాణి దగ్గర నిప్పును ఆపే మంత్రం ఉంది. "వాడనండి" అన్నది. ఆమె మరణాన్ని కూడా నేనే వర్ణించాను. ఆ సరికి నా మాటలో మాట కంటే గాలి ఎక్కువైంది.

"కత్తి తియ్యి సాలమోనూ."

అతడు కదలలేదు.

"నీకు దణ్ణం పెడతానయ్యా." జీవితంలో నేను ఎవరినీ అలా అడగలేదు.

సాలమోను కళ్ళు తుడుచుకున్నాడు. "కత్తి ఇసకలో పెట్టేసేనండి" అన్నాడు.

నియమం నియమమే. పాచిక వేశాను. అతడూ పోయాడు.

ముగ్గురూ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. టీ గ్లాసుల మీద మీగడ కట్టింది. కళ్యాణి మెల్లగా అడిగింది. "ఇప్పుడు డ్రాగన్ ఏం చేస్తాడు మాస్టారూ?"

ఇంకా మాట్లాడిద్దామనే చూస్తున్నారు. కాని వాడు మాట్లాడటానికి తిప్ప మీద మనిషి లేడు. వాడిని చంపగలిగినవాళ్ళను వాడి చేత నేనే చంపించాను.

"ఏమీ చేయడు" అన్నాను.

సాలమోను చెవి ముందుకు వంచి, "ఏంటండీ?" అన్నాడు.

మళ్ళీ చెప్పలేదు.