నమలని ముద్ద

హిందూపురం నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు సౌమ్యకు ఆ రోజు ధర్మవరం బడిలో తిక్క రేగింది. ఎదురుగా కూర్చున్న తొమ్మిదో తరగతి ఉషశ్రీకి ఎడమ దవడపన్ను నరం దాకా పుచ్చిపోయింది. అనుమానమే లేదు. కానీ ఫారంలోని ప్రశ్నలన్నిటికీ ఆ పిల్లది ఒకటే జవాబు.

"ఈ మూడు నెలల్లో పంటివల్ల తినడానికి ఇబ్బంది పడ్డావా?"

"ఎప్పుడూ లేదు మేడం."

"నిద్ర చెడిందా?"

"లేదు మేడం."

పుచ్చుపన్ను పిల్లల బతుకును ఎంత పాడుచేస్తోందో కొలిచే సర్వే అది. పిల్లలు చెప్పిందే రాయాలి, డాక్టరు సొంత తెలివి చూపకూడదు. చెప్పిన ఇబ్బందుల లెక్కన మార్కులు ఎక్కువ వచ్చిన ముప్పై మందికే సోమవారం పెనుకొండ క్యాంపులో ఉచితంగా వైద్యం. ఉషశ్రీకి వచ్చింది సున్నా. ఇంత సుఖంగా ఉన్న పిల్లను బస్సెక్కించడం ఎలా?

పైగా ఫారం మీద నాయన సంతకం లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే సౌమ్య ఆ పిల్ల వెంట వాళ్ళింటికి నడిచింది.

పోతులయ్య మగ్గం గుంతలోంచి లేచివచ్చి సంతకం పెట్టాడు. అతని తల్లి నరసక్క అప్పటికే కంచాలు పరిచింది.

"ఉట్టి కడుపుతో పోతావా తల్లీ? కూచో."

రాగిసంగటి, పప్పు. సౌమ్య ముద్ద తుంచి, పప్పులో అద్ది గుటుక్కున మింగింది. రెండోదీ మింగింది. మూడోది చేతిలోనే ఆగిపోయింది. బుద్ధెరిగినప్పటి నుంచి సంగటి తింటోంది, ఏనాడైనా నమిలిందా? సంగటిని మింగడమే గానీ నమలరని ఫారం తయారుచేసినవాళ్ళకు తెలియకపోతే పోయె, హిందూపురంలో పుట్టిన తనకేమైంది!

"దినామూ ఇదేనా అవ్వా?"

"మూడు పూటలా ఇదే. పోయిన ఏడు పాప జొన్నరొట్టె కొరికి కండ్లనీళ్ళు పెట్టుకున్యాది. ఆస్పత్రికి పోదామంటే దుడ్లు యాడివి? ఆ పొద్దు నుంచి పొయ్యి మీద పెనం పెట్టలే. మావోనికి వేంచిన శెనిక్కాయలు లేకుంటే మగ్గం కాడ చెయ్యి ఆడేదే కాదు. వాడూ మానేశె. పాప ముందర ఎట్ల తినేదంటాడు."

"ఊరుకోమ్మా" అంటూ పోతులయ్య తల దించుకున్నాడు.

ఉషశ్రీ నాయన వైపు నోరు తెరుచుకుని చూసింది. ఆయనకు శెనిక్కాయలు మొహం మొత్తాయనుకుంది ఇన్నాళ్ళూ.

ఒక్క పంటి నొప్పిని ఇల్లంతా ఏడాదిగా పంచుకుంటోంది, ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే. సౌమ్య వందల నోళ్ళు చూసింది గానీ ఇలాంటి ప్రేమ ఎక్కడా చూడలేదు. ఆ ఇంట్లో చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"మేడం, మళ్ళా అడగండి" అంది ఉషశ్రీ మెల్లగా.

సౌమ్య ఫారం తీసి మొదటి నుంచీ అడిగింది.

"తినడానికి ఇబ్బంది పడ్డావా?"

"దినామూ."

"నిద్ర?"

"దినామూ మేడం. చెప్తే ఇంట్లో దిగులు పడ్తారని చెప్పలే." ఆ పిల్ల ఫారం వైపు వేలు చూపింది. "రాసుకోండి. సోమారం నేను పోవల్ల. మా నాయన శెనిక్కాయలు తినల్ల."