పద్మావతి విస్తరి

"మా కామాక్షికి మాడంటే ప్రాణమమ్మా," అంది వీధరుగు మీద కూర్చున్న వరహాలమ్మ.

వంటింట్లో గిన్నె అడుగు గీకుతున్న కామాక్షి చేతిలో గరిట ఆగిపోయింది. వచ్చింది పక్కింటి గురువమ్మ. కడుపుతో ఉన్న పిల్లకి నోటికి నచ్చింది ఏదైనా వండి తెద్దామని, ఏమంటే ఇష్టమో కనుక్కుపోదామని వచ్చింది. కనుక్కున్నది మాత్రం అత్తగారిని. ఇష్టం కోడలిదే అయినా దాన్ని చెప్పే హక్కు అత్తగారిది. బరంపురంలో ఆ మాటకొస్తే ఏ ఇంట్లోనైనా అంతే.

"పెరుగన్నం పెట్టినా తినదు. గిన్నె గోక్కోని ఆ మాడే తింటాది. ఏటో దాని రుసి," అంది వరహాలమ్మ మురిపెంగానే. ఆవిడ పేరులో వరహాలున్నాయి గాని, నోటి నుంచి రాలేవి చిల్లర మాటలు. అయినా ఈ మాటలో విషం లేదు. నిజంగానే ఆవిడ అలా అనుకుంటోంది.

ముందు బట్టల కొట్లోంచి వచ్చిన మగవాళ్ళు తినాలి. తరవాత గుమాస్తాలు, ఆ తరవాత అత్తగారు. ఇందరూ చేతులు కడిగాక గిన్నెలో మిగిలేది మాడు. నడినెత్తి మాడు మాడేటట్టు డాబా మీద అప్పడాలు ఎండబెట్టి వచ్చి, గిన్నెలో మాడు తినడం ఆమె సంసారం. అది రుచి అని ఆమెకి ఇవాళే తెలిసింది.

మళ్ళీ గిన్నె మీదికి వంగింది. మెడలో పుస్తెల పక్కనున్న బంగారు బిళ్ళ గిన్నె అంచుకి తగిలి టింగుమంది. ఎవరో తలుపు కొట్టినట్టు.

ఆ బిళ్ళ పద్మావతి. కామాక్షి మొగుడు కాశీవిశ్వనాథానికి మొదటి భార్య. పురుడు పోసుకుంటూ తల్లీ బిడ్డా పోయారు. పోయిన భార్య రూపు బిళ్ళ మీద చెక్కించి రెండో పెళ్ళికూతురి మెడలో కట్టడం వాళ్ళ ఇంటి ఆచారం. ఇంట్లో ఏది కొన్నా ముందు ఆ రూపుకి చూపించాలి. కొట్టు నుంచి పట్టుచీర వస్తే ముందు రూపు ముందు పెట్టి, పసుపు చల్లి, "అప్పా, కట్టుకో" అని అక్కని అడిగినట్టు చెప్పి, ఆవిడ కట్టి విడిచినట్టు మడత మార్చి, అప్పుడు కామాక్షి కట్టుకోవాలి. పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఒంటిని తాకిన ప్రతి కొత్తచీరా పాతచీరే. పుస్తె తనది, పెత్తనం సవతిది. చచ్చినా సావాసం వదలని సవతి.

కంసాలి ఆ రూపుకి కళ్ళు చెక్కాడు, ముక్కు చెక్కాడు, కొప్పు కూడా చెక్కాడు. నోటికి చోటు చాలలేదు. "బతికున్నప్పుడూ అంతే, నోరు నేని పిల్ల," అని అత్తగారు మెచ్చుకునేది. పిండి రుబ్బుతున్నప్పుడు కామాక్షికి తన ఊపిరితో పాటు ఇంకొక ఊపిరి వినిపించేది. పొయ్యి ముందు ఒళ్ళంతా కాగిపోతున్నా బిళ్ళ తగిలిన చోట మాత్రం చల్లగా ఉండేది, చెమ్మ గోడకి వీపు ఆనించినట్టు. తనని చూసి ఓర్వలేకే ఆవిడ అలా అంటిపెట్టుకుని ఉందని ఆమె భయం. ఆ భయానికి కారణం ఉంది. ఇంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. రెండుసార్లూ మంచం మీద పడి ఉన్నప్పుడు అత్తగారు రూపు ముందు దీపం పెట్టి, "పద్దూ, దీని తప్పు కాయే," అని బతిమాలింది. తన తప్పేమిటో కామాక్షికి ఎవరూ చెప్పలేదు.

ఇది మూడో కడుపు. ఇదీ నిలవకపోతే మూడో పెళ్ళికి మందస నుంచి పిల్లని తెచ్చే మాట మాట్లాడతానని వరహాలమ్మ కొడుకుతో అంది. తలుపు చాటున అనలేదు, కామాక్షి మజ్జిగ పోస్తుండగానే అంది. కాశీవిశ్వనాథం పేరులో కాశీ ఉంది, విశ్వం ఉంది, నాథుడూ ఉన్నాడు. మనిషి మాత్రం కొట్టున్న గేట్ బజారు దాటి ఎరగడు. "అప్పుడు సూద్దాంలే అమ్మా," అని మజ్జిగ తాగేశాడు. చూద్దామన్నాడే గాని కూడదనలేదు.

ఆ మర్నాడు సోదె చెప్పే ఈశ్వరమ్మని పిలిపించారు. ఈశ్వరమ్మ నడవలో కూర్చుని, చేటలో బియ్యం కలియబెట్టి, ఉన్నట్టుండి గొంతు మార్చింది. పీలగా, లోపలికి మింగుకుంటూ మాట్లాడే గొంతు. వరహాలమ్మ చేతులు జోడించేసింది. పోయిన కోడలి గొంతు ఆవిడ గుర్తుపట్టింది.

"నాకిష్టమైంది ఒక్కనాడూ పెట్టనేదు. ఆ కూడు పెట్టిందాకా ఈ ఇంట్లో ఉయ్యాల ఊగదు."

ఈశ్వరమ్మ చేట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో మాత్రం పెద్ద చిక్కు పడింది. శుక్రవారం పద్మావతి పేరంటం, ముత్తైదువుగా పోయిన మనిషికి చేసేది. ఏటా ఆ రోజు ఆవిడ పేర విస్తరి వేసి బూరెలు వడ్డించేవారు. విస్తరిలోది ఆవిడ తిన్నట్టు లెక్క, తరవాత దాన్ని కామాక్షి తినాలి. ఆ బూరెలు ఇష్టం వరహాలమ్మకి. మరి పద్మావతికి ఏమంటే ఇష్టం?

మధ్యాహ్నం మొగుడికి వడ్డిస్తూ కామాక్షి అడిగింది. ఆయన చెయ్యి అన్నంలో ఆగింది.

"జంతికలు," అన్నాడు ముందు. "కాదు కాదు, అవి అమ్మకి. పనసపొట్టు... అది నాకే." ఇంకొంచెం ఆలోచించాడు. గజంబద్దతో గుడ్డ కొలవమంటే చిటికెలో కొలిచే మనిషి, పక్కన పడుకున్న మనిషిని కొలవలేక తికమకపడ్డాడు. "ఏటో, అన్నీ ఇష్టంగానే సేసేది," అన్నాడు చివరికి.

చేసేది. తినే మాట ఆయనకి గుర్తు రాలేదు. పాపం, అబద్ధం ఆడలేదు. ఆవిడ వడ్డిస్తుంటే చూశాడు గాని, ఆవిడ తింటుంటే చూడలేదు. కామాక్షి తింటుంటే మటుకు చూశాడా?

సాయంత్రం దీపం వత్తులు చేసుకుంటూ వరహాలమ్మ ఉన్నట్టుండి తొడ చరుచుకుంది. "సద్దన్నమే! మరిసేపోనాను. పద్దుకి సద్దన్నమంటే ప్రాణం. తెల్లారే పెరట్లో కూకోని ఉప్పుగల్లేసుకోని తినేది. వేడన్నం ముట్టగా నానెన్నడూ సూడనేదు." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ బూరెలు పెట్టి తప్పు చేశామని నిజంగానే బాధపడింది. గురువారమే కుండలో అన్నం నానబెట్టమని కామాక్షికి చెప్పింది.

ప్రాణం. మొన్న వీధరుగు మీంచి కామాక్షి విన్న మాటే ఇది, అదే గొంతు, అదే మురిపెం. మాడంటే ఒకరికి ప్రాణం, చద్దంటే ఒకరికి ప్రాణం. కడుపుతో ఉండి కూడా చద్ది తినే పురిటి మంచం ఎక్కిందా ఆవిడ? తను తినేది తనకి మిగిలింది కదా, మరి ఆవిడ తిన్నది మాత్రం ఆవిడ కోరిందెలా అవుతుంది? మడి కట్టుకుని, దీపం పెట్టి, దండం పెట్టి, మళ్ళీ ఆ మిగిలిందే పెడతారు ఆవిడకి. ఏడాదికొక్కసారి, భక్తిగా. ఆ తరవాత తన వంతు వస్తుంది. ఎక్కడో మందసలో చింతగింజలాడుకుంటున్న పిల్ల మెడలో రెండు బిళ్ళలు కడతారు. ఒకటి పద్మావతి, ఒకటి కామాక్షి. మాడు కోసం ప్రత్యేకంగా అన్నం అడుగంటించి, అది చక్కగా గీకి, నెయ్యైనా లేకుండా తన విస్తరిలో పెడతారు. "మా కామాక్షికి ప్రాణమమ్మా" అని ముక్కు చీదుతారు. ఆ పిల్ల అది తింటుంది. తను బిళ్ళ మీద నోరు లేకుండా వేలాడుతూ, ఆ పిల్ల గిన్నె మీదికి వంగినప్పుడల్లా తలుపు కొడుతుంది.

చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయింది. బిళ్ళ చల్లగా ఉంది. పస్తున్న మనిషి వేళ్ళు అలాగే ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆవిడ తనని చూసి పళ్ళు కొరుకుతోందనుకుంది. పళ్ళు కొరకడానికి ఆవిడకి నోరేదీ?

శుక్రవారం అందరికీ వంట కామాక్షే వండింది. పెద్ద గుండిగతో అన్నం, ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు. చావిట్లో మగవాళ్ళకి విస్తళ్ళు వేశారు. పెరటి వసారాలో పద్మావతి విస్తరి విడిగా వేసి, రూపు విప్పించి పీట మీద పెట్టి, చద్దన్నం ముద్ద, ఉప్పుగల్లు, వరహాలమ్మ తన చేత్తో వడ్డించింది. దండం పెట్టి, చావిట్లోకి అన్నం తెమ్మని చెప్పి లోపలికి నడిచింది.

కామాక్షి గుండిగ మూత తీసింది. పొగ మొహానికి కొట్టింది. ఈ ఇంటికి వచ్చాక ఆ పొగ మొహానికి తగలడమే గాని నోటికి తగిలింది లేదు. మొదటి గరిటెడు అన్నం ఎత్తి చావిడి వైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి, గుండిగా కూరగిన్నే నెయ్యీ వసారాలోకి చేర్చింది. చద్దన్నం తీసి కుడితి తొట్టిలో వేసింది. విస్తరి నిండా వేడన్నం పరిచి, నెయ్యి వేసి, పనసపొట్టు వడ్డించింది. పీట మీది రూపుని చేతిలోకి తీసుకుని, నోరు ఉండాల్సిన చోట ఒక్క మెతుకు అద్దింది. అప్పుడు విస్తరి ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని తినడం మొదలుపెట్టింది.

అన్నం ఇంకా రాలేదేమని వచ్చిన వరహాలమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏటే ఈ పని? మగోలు కూకున్నారు. పద్దుకి పెట్టిన సద్ది ఏదే?"

"కుడితిలో ఏసినాను అత్తా." కామాక్షి ముద్ద మింగింది. నాలిక కాలింది, బాగుంది. "అప్పకి ఏటి ఇష్టమో మీకు తెలీదు, ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. వేడన్నం ముట్టగా సూడనేదని మీరే సెప్పినారు. అదొక్కటీ ఆవిడికి ఎవలూ పెట్టనేదని తెలిసింది. పెట్టినాను."

వరహాలమ్మ కళ్ళు కుడితి తొట్టి దాకా వెళ్ళి, తిరిగొచ్చి, విస్తరి మీద పొగ దగ్గర ఆగాయి. తను కోడలిగా ఉన్న రోజుల్లో తను తిన్నదేమిటో గుర్తుకొచ్చినట్టు, నెమ్మదిగా గుమ్మం పట్టుకుంది.

ఆవిడ వెనకాల కాశీవిశ్వనాథం వచ్చాడు, కడిగిన చెయ్యి గాలిలో పట్టుకుని. కోపం లేదు ఆయన మొహంలో, అర్థం కాకపోవడం ఒక్కటే ఉంది.

"ఏటిది కామాక్షీ?"

ఆమె లేవలేదు. మెతుకు అంటిన బిళ్ళని ఒళ్ళో పెట్టుకుంది. అది మొదటిసారి వెచ్చగా తగిలింది. గుండిగలోంచి రెండోసారి అన్నం పెట్టుకుంటూ చెప్పింది.

"నాకు వేడన్నంలో ఆవపెట్టిన పనసపొట్టంటే ఇష్టమండీ. గుర్తెట్టుకోండి. మూడో ఆవిడ వడ్డించినప్పుడు తడుముకోకుండా సెప్పాలి కదా."