పశ్చాత్తాపం లేదట!

సర్జాపుర బస్టాండులో మారెమ్మ మెత్తటి అరటిపళ్ళు ఏరుతుంటే, ఆసుపత్రికేనా అని పళ్ళ బండి ఓబళప్ప అడిగాడు. అవునంది. నెలనెలా అతను అడుగుతాడు, నెలనెలా ఆమె అవునంటుంది. నిజం చెబితే అతను నోరెళ్ళబెడతాడు మరి. ఆ పళ్ళు ఆమె భర్తను చంపినవాడికి.

చంపింది ఎవరో పరాయివాడు కాదు, సొంత మరిది పిల్లప్ప. ఇరవై ఏళ్ళ కిందట బోరుబావి నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న పారతో అన్న నంజప్ప తల మీద కొట్టాడు. కోర్టులో సాక్ష్యం చెప్పింది మారెమ్మే. యావజ్జీవం పడితే సంతోషించింది కూడా. ఏళ్ళ తరబడి ఆ జైలు వైపు తొంగి చూడలేదు. అందులో తప్పేముంది? కడుపుమంట అలాంటిది.

ఇప్పుడు పిల్లప్పకు డెబ్బై దాటాయి. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. మంచం దిగాలంటే తోటి ఖైదీ పట్టుకోవాలి. ఆ కబురు తెలిసి మారెమ్మ మనసు నిలవలేదు. ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడు నిక్కరు తొడుక్కునే పిల్లవాడు, ఆమె చేతి సంగటి తిని పెరిగినవాడు. ఒక్కసారి చూసి వద్దామని వెళ్ళింది. చూడగానే వాడు, "వదినా, అన్నను పిలుచుకొని రాలేదే?" అన్నాడు.

వాడికి మతిమరుపు ముదిరిపోయింది. అన్నను నువ్వే చంపినావు కదప్పా అని చెబితే, అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకొని ఏడ్చాడు. మరుసటి నెల మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే ఏడుపు. ఒకే చావు కబురు ఒక మనిషికి ఎన్నిసార్లు చెప్పగలం? ఆ తర్వాత నుంచి ఆమె, తోటకాడ ఉండాడులే అని ఊరుకుంటోంది.

ముసలి ఖైదీలను ముందుగా వదిలే వీలుందని విని, కొడుకు మంజునాథ్‌ను బతిమాలింది. తండ్రిని పోగొట్టుకున్నవాడు, అతనికి మాత్రం అంత సులువా? కొన్నాళ్ళు తల్లితో మాటలే లేవు. చివరికి, సరే, మనింట్లోనే పెట్టుకుందాం లెమ్మన్నాడు. అడిగిన ప్రతి అధికారికీ తల్లీకొడుకులు అదే మాట చెప్పి వచ్చారు.

ఈరోజు ఆ సంగతి తేలింది. జైలు అధికారి హేమంత్‌కుమార్ ఆమెను కూర్చోబెట్టి, కమిటీ ఒప్పుకోలేదని నెమ్మదిగా చెప్పాడు. చేసినదానికి బాధపడుతున్నావా అని వాళ్ళు అడిగితే, నేనేం చేసినాను సామీ అన్నాడట పిల్లప్ప. పశ్చాత్తాపం లేదని తేల్చేశారు. వచ్చే ఏడు మళ్ళీ చూస్తారట.

చూశారా విడ్డూరం! మతిమరుపు జబ్బని జైలు డాక్టరే చెప్పాడు కదా అని మారెమ్మ అడిగింది. చెప్పాడట. కానీ అది వైద్యం విషయమట, ఇది ప్రవర్తన విషయమట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"సారూ, మొగుడు పోయింది నాకు. వీన్ని లోపలేయించింది నేనే. ఆ పొద్దు శిక్ష పడాల్సిందే, పడింది. ఇప్పుడు ఆ తప్పు చేసినోడు ఈడ లేడు. తానేం చేసినాడో, ఏడ ఉండాడో తెలియని ముసలోడు ఉండాడు. ఏమీ తెలియనోన్ని కట్టేసి పెడితే అది శిక్ష ఎట్లయితాది? నాకు న్యాయం చేస్తా ఉండామని మాత్రం చెప్పద్దండి."

హేమంత్‌కుమార్ తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఎవరి చేతిలో ఉందో ఆయనకూ తెలియదు.

జైలు ఆసుపత్రి గదిలో పిల్లప్ప గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పళ్ళు లేని నోటితో అరటిపండు చప్పరిస్తూ, "అన్నకు నా మీద కోపమా వదినా? ఇంటికి ఎందుకు పిలుచుకొని పోడు?" అని అడిగాడు.

మారెమ్మ పైట కొంగుతో వాడి మూతి తుడిచింది.

"మీ అన్నకు కోపం లేదప్పా. నాకూ తీరిపోయింది. సర్కారుకే ఇంకా తీరలేదు."